ఇంటి కుండ, రాజ్యం పన్ను

1948 నవంబరు 24న రాజ్యాంగ సభ ముందుకు ముసాయిదాలోని 38వ అధికరణం వచ్చింది. నేడు మనం 47వ అధికరణంగా ఎరిగినది అదే. ప్రజల పోషకాహారాన్నీ ఆరోగ్యాన్నీ మెరుగుపరచడం రాజ్యం విధి అని చెప్పే ఆ నాలుగు మాటలకు మద్యనిషేధాన్ని కూడా జోడించాలని మహావీర్ త్యాగి సవరణ ప్రతిపాదించారు. సభలో అత్యధికులు గాంధీ నీడలో రాజకీయం నేర్చినవారు. గాంధీ మరణించి అప్పటికి పది నెలలు. ఆ సవరణను కాదనడమంటే తండ్రి మాట కాదన్నట్టే. అయినా ఇద్దరు ముగ్గురు లేచారు. కొల్హాపూర్ నుంచి వచ్చిన ఖర్దేకర్ వ్యక్తి స్వేచ్ఛ పేరుతో వ్యతిరేకించారు. ఆయన వాదన చదువుకున్న మధ్యతరగతి వాదన. దానికి సమాధానం చెప్పడం సభకు కష్టం కాలేదు.

తర్వాత లేచిన జైపాల్ సింగ్ ముండా వాదన వేరు. ఖూంటీ ప్రాంతంలోని ఒక ముండా గ్రామంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకత్వం వహించిన ఆయన అప్పటికి ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడు. ఈ దేశపు అత్యంత ప్రాచీన ప్రజల మతహక్కు మీద ఈ సవరణ చేయి వేస్తోందని ఆయన సభను హెచ్చరించారు. బియ్యపు బీరు లేకుండా తమ పూజ పూర్తి కాదన్నారు. అంతటితో ఆగలేదు. పశ్చిమ బెంగాల్‌లో మోకాటిలోతు నీళ్ళలో, బురదలో, వానలో రోజంతా తడుస్తూ నాట్లు వేసే సంతాలీని తలచుకోమన్నారు. వాడి చేతిలో ఆ పానీయం లేకపోతే మీ వరి నాటు పడదన్నారు. వారిని నిలబెడుతున్నది అందులో ఏముందో వైద్యశాస్త్రజ్ఞులు తమ ప్రయోగశాలల్లో పరిశోధించి చెబితే బాగుంటుందని కూడా అన్నారు. మద్యనిషేధం గురించి జరిగిన ఆ చర్చలో పానీయాన్ని వండే చేతి వైపు, దానిని తాగి చేసే పని వైపు సభ చూపు మళ్ళించినవాడు ఆయన ఒక్కడేనని నా అభిప్రాయం.

ఆ ప్రసంగాన్ని మన రాజకీయ వ్యాఖ్యాతలు తరచూ ఆదివాసీ అస్తిత్వానికి ఉదాహరణగా ఉటంకించి వదిలేస్తారు. నాకు అందులో మరొక ప్రశ్న వినిపిస్తుంది. ఇంటిలో పండిన గింజను ఇంటి కుండలో పులియబెట్టుకుని, ఇరుగుపొరుగుతో పంచుకునే హక్కు ఎవరిది? ఇంటి యజమానురాలిదా, ఊరిదా, రాజ్యానిదా? ఈ ప్రశ్నకు మన ఉపఖండంలో రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

ముందుగా ఒక భాషా చిక్కు విప్పాలి. ‘మద్యం’ అనే ఒక్క మాటలో మనం మూడు వేర్వేరు వస్తువులను కలిపేస్తాం. చెట్టు నుంచి గీసే కల్లు ఒకటి. గింజను పులియబెట్టి వడకట్టే బీరు రెండవది. పులిసిన దానిని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టే సారా మూడవది. మొదటి రెండూ రోజుల వ్యవధిలో పులిసిపోతాయి. దూరం పోవు, నిలవ ఉండవు, కనుక పంచుకోవడానికే పనికివస్తాయి. సారా నిలవ ఉంటుంది. నిలవ ఉండేదానికి గోదాము, గుత్తేదారు, పన్ను అన్నీ కుదురుతాయి. ఆబ్కారీ చరిత్ర అంతా ఈ తేడా మీద నడిచింది.

జైపాల్ సింగ్ చెప్పిన బియ్యపు బీరును ఛోటా నాగపూర్‌లో హండియా అంటారు. హండీ, అంటే కుండ. ఆ కుండే దానికి పేరు పెట్టింది. అన్నం వండి, చాప మీద పరచి చల్లార్చి, ‘రాను’ అనే బిళ్ళలను పొడిచేసి కలుపుతారు. రాను అంటే బియ్యప్పిండిలో అడవి వేళ్ళూ మూలికలూ నూరి కలిపి, చిన్న ఉండలుగా చేసి ఎండబెట్టిన సరుకు. ఏ వేరు ఎంత వేయాలన్నది ఇంటింటికీ మారుతుంది. ఆ జ్ఞానం చాలావరకు స్త్రీలదే. కలిపిన అన్నాన్ని కుండకెత్తి, ఆకులతో మూసి, ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులు, చలికాలమైతే వారం దాకా ఉంచుతారు. ఆపైన నీళ్ళు పోసి వడకడతారు. యూరప్‌లో బార్లీని మొలకెత్తించి గింజలోని పిండిని చక్కెరగా మారుస్తారు, పిమ్మట ఈస్టు దానిని ఆల్కహాలుగా మారుస్తుంది. అక్కడ రెండు దశలు. హండియా కుండలో రాను తెచ్చే బూజు పిండిని చక్కెరగా మారుస్తూ ఉండగానే ఈస్టు తన పని తాను కానిస్తుంది. రెండు పనులూ ఒకే కుండలో, ఒకే సమయంలో జరుగుతాయి. ఉత్తరాంధ్ర పాఠకులకు తరవాణి కుండ తెలుసు కనుక ఇది అంత పరాయి విషయం కాదు. రాత్రి అన్నానికి నీళ్ళు పోసి పులియబెట్టే తరవాణి, హండియాకు దూరపు చుట్టమే. మధ్యలో రాను బిళ్ళ ఒక్కటే తేడా.

కుండ తెరిచాక మొదటి చుక్కలు నేలకు, పితరులకు. సంతాలుల సృష్టికథలో తొలి దంపతులు పిల్చు హడామ్, పిల్చు బూఢీలకు హండియా వండటం నేర్పినవాడు దేవుడే. సర్హూల్ పండుగలో సాల వృక్షాలు పూచిన వేళ పూజారి సరనా తోపులో దానినే నైవేద్యం పెడతాడు. ఆ తర్వాత ఆకుదొప్పల్లో ఊరంతటికీ. పక్కన ఉడికించిన శనగలు, ఎండుచేప, ఎర్రచీమలను ఉప్పూ మిరపకాయలతో నూరిన పచ్చడి. పొలంలో పదిమంది చేయి కలిపి నాటు వేస్తే కూలి డబ్బు ఉండదు. అన్నమూ హండియా ఉంటాయి. మన పల్లెల్లో బదుళ్ళు అనే పద్ధతిని ఎరిగినవారికి ఈ లెక్క సులువుగానే బోధపడుతుంది. ఇవాళ నీ కుండ, రేపు నా కుండ.

బ్రహ్మపుత్ర లోయకు పోతే ఇదే విద్య ఇంకా వింత రూపాల్లో కనిపిస్తుంది. మిసింగ్ ప్రజలు రెండు రకాల ఆపాంగ్ వండుతారు. తెల్లనిది నొగిన్, నల్లనిది పోరో. రెండవదానికి వరి పొట్టునూ గడ్డినీ కాల్చిన మసి కలుపుతారు. ఫాల్గుణంలో మొదటి బుధవారం విత్తనం చల్లే పండుగ ఆలి-ఆయె-లిగాంగ్ నాడు పోరో ఆపాంగ్‌తో పాటు ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం, ఎండుచేప, పంది మాంసం ఇంటింటా పంచుతారు. దిమా హసావ్ కొండల్లో దిమాసాలు జిగురు బియ్యంతో జుడిమా చేస్తారు. థెంబ్రా అనే చెట్టు బెరడు లేనిదే అది జుడిమా కాదు. సిక్కింలో, తూర్పు నేపాల్‌లో లింబూలు పులిసిన చోళ్ళను పొడవాటి పాత్రలో నింపి, వేడినీళ్ళు పోసి, వెదురు గొట్టంతో పీల్చే తోంగ్బా ఇస్తారు. నీళ్ళు అయిపోతే మళ్ళీ పోస్తారు. ఒకే పాత్ర మీద ఒక సాయంత్రం గడిచిపోతుంది. లదాఖ్‌లో బార్లీ ఛాంగ్. ఇవన్నీ ఒకే పని చేస్తాయి: వచ్చిన మనిషిని కూర్చోబెడతాయి.

ఈ కుండ మీద రాజ్యం చూపు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడనే అధికారి విధులు ఉన్నాయి. ఎక్కడ అమ్మాలి, ఎంత అమ్మాలి, అనుమతి లేకుండా చేసినవానికి ఎంత దండుగ అన్నీ నిర్ణయించిన ఆ శాస్త్రకారుడు ఒక మినహాయింపు కూడా రాశాడు. శుభకార్యాల వేళ గృహస్థులు తెల్లని సురను, ఔషధార్థం అరిష్టాన్ని తామే చేసుకోవచ్చు. ఉత్సవాలకు, సమాజాలకు, యాత్రలకు నాలుగు రోజుల పాటు అనుమతి ఇవ్వాలి. మినుముల పిండి, బియ్యం కలిపి పులియబెట్టే కిణ్వం, అంటే సురబీజం, ఎలా చేయాలో కొలతలతో సహా చెప్పి, ఆ పని స్త్రీలకూ పిల్లలకూ అప్పగించాడు. రాజ్య నియంత్రణకు పేరుపడ్డ గ్రంథం కూడా ఇంటి కుండకు నాలుగు రోజులు వదిలింది. ఆ నాలుగు రోజులు కూడా లాక్కునే రాజ్యం పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది.

బ్రిటిష్ ఆబ్కారీ విధానం వెనుక నీతి కన్నా ఖజానా పెద్దది. ఇంట్లో చేసుకునేది పన్నుకు అందదు; భట్టీలో చేసేది అందుతుంది. కనుక ఉత్పత్తిని కొన్ని కేంద్రాలకు కుదించి, గుత్తేదారులకు పాట పెట్టి, ఇంటి తయారీని నేరం చేయడమే పద్ధతి. బొంబాయి రాష్ట్రంలో 1878 నాటి ఆబ్కారీ చట్టం ఆ పని చేసింది. 1892లో అక్కడే వచ్చిన మరొక చట్టం ఠాణే, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు నిల్వనే నియంత్రించింది. ఇప్పపువ్వు కరువు రోజుల్లో ఆదివాసీలకు అన్నం కూడానని ఆ చట్టం రాసినవారికి తెలియదనుకోలేం. బెంగాల్‌లో కొంత వెసులుబాటు దొరికింది. అక్కడి ఆబ్కారీ చట్టాల్లో బియ్యపు బీరుకు ‘పచ్వాయ్’ అని పేరు. ఆదివాసీలు సొంత వాడకానికి దానిని ఇంట్లో చేసుకోవడానికి అనుమతులు ఉండేవి. అమ్మితే మాత్రం లైసెన్సు. హండియా గురించి మన చట్టాలు నేటికీ ఆలోచించే తీరుకు అచ్చు అక్కడ పడింది: ఇంట్లో అయితే ఆచారం, సంతలో అయితే నేరం.

ఈ విధానానికి తొలి పెద్ద సమాధానం తెలుగు నేల నుంచే వెళ్ళింది. గోదావరి మన్యంలో, రంపలో, కొండదొరలూ కోయలూ తాగేది ప్రధానంగా కల్లు. కుండలో వండేది కాకపోయినా ఇంటి వాడకానికి గీసుకునేదే. కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి సైతం కల్లు గీయడాన్ని నిషేధించి, కల్లు రాబడిని గుత్తేదారులకు అప్పగించాయి. దాని పైన రంప మన్సబుదారు చిగురుపన్ను అనే మరో పన్ను వడ్డించాడు. వడ్డీ వ్యాపారుల బాధలు, పోలీసుల బాధలు ఎలాగూ ఉన్నాయి. 1879 మార్చిలో మన్యం లేచింది. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెనుక అది రంప నుంచి భద్రాచలానికి, విశాఖ జిల్లాలోని గొలుగొండకు పాకింది. పోలీసులు చాలక మద్రాసు పదాతి పటాలాలనూ హైదరాబాదు కంటింజెంటునూ దించవలసి వచ్చింది. 1880లో తమ్మన్నదొర హతమయ్యాడు. మన్సబుదారును తొలగించి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అల్లూరి సీతారామరాజు పేరు పాఠ్యపుస్తకాల్లో ఉన్నంతగా ఈ కల్లు తిరుగుబాటు లేదు. కారణం బహుశా మన సంకోచమే. స్వాతంత్ర్య గాథలో కల్లు కుండ పెట్టడం మనకు ఇబ్బంది.

అయితే ఆదివాసీ చరిత్రను కుండ పక్షాన మాత్రమే చెప్పడం సరికాదు. కుండను పగలగొట్టమన్నవారు కూడా ఆదివాసీలలో నుంచే వచ్చారు. బిర్సా ముండా తన అనుయాయులను హండియా మానమన్నాడు. 1914లో జత్రా ఉరావ్ మొదలుపెట్టిన తానా భగత్ ఉద్యమం మాంసమూ మద్యమూ రెండూ విడిచింది. 1922 చివర దక్షిణ గుజరాత్‌లో ఆదివాసీల మీదికి దేవి పూని, తాగవద్దని, రోజూ స్నానం చేయమని, సారా దుకాణాలు నడిపే పార్సీలకు పని చేయవద్దని ఆదేశించింది. ఆ ఉద్యమాన్ని అధ్యయనం చేసిన డేవిడ్ హార్డిమన్ చూపిన సంగతి ఒకటి ఇక్కడ ముఖ్యం. దేవి చేసిన తిరుగుబాటు గ్లాసు మీద కన్నా గుత్తేదారు మీద ఎక్కువ. తాగుడు మానడం అప్పుల గొలుసు తెంపడానికి ఒక దారి అయింది. ఇంటి కుండను రాజ్యం లాక్కుని దుకాణం సీసా చేతిలో పెట్టాక, మానడమే స్వాతంత్ర్యంగా కనబడింది. బిర్సా మాటనూ జైపాల్ సింగ్ మాటనూ పక్కపక్కన పెట్టి చూస్తే వైరుధ్యం ఉంది. దానిని దాచవలసిన పని లేదు. ఇద్దరూ ముండాలే, ఇద్దరి మధ్య అర్ధ శతాబ్దపు ఆబ్కారీ ఉంది.

నాగా కొండల్లో ఈ కథ మరో మలుపు తిరిగింది. అక్కడ కుండకు శత్రువు ఖజానా కాదు, చర్చి. ఆవో నాగాల మధ్య పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు క్రైస్తవుడు కావాలంటే బియ్యపు బీరు విడవాలన్నారు. బీరుతో పాటు దాని చుట్టూ ఉన్న విందులూ పోయాయి. ధనవంతుడు తన గింజను ఊరికి పంచి గౌరవం సంపాదించే విందులవి. బ్రిటిష్ అధికారి జె.పి. మిల్స్ 1926లో ఆవోల మీద రాసిన గ్రంథంలో ఈ మిషనరీ పట్టుదలను విమర్శించాడు. మైదానాల్లో కుండ మీద పన్ను వేసిన సామ్రాజ్యపు ఉద్యోగే కొండ మీద కుండ పక్షాన వాదించడం ఆ కాలపు వింతల్లో ఒకటి. 1989లో నాగాలాండ్ సంపూర్ణ మద్యనిషేధ చట్టం చేసింది. చర్చి గెలిచింది, బియ్యపు బీరు మాత్రం అక్కడి గ్రామాల నుంచి పోలేదు.

జాతీయోద్యమం సంగతికి వస్తే, ఆబ్కారీ రాబడిని దెబ్బకొట్టడం వలసపాలన నడుము మీద కొట్టడమేనని కాంగ్రెసు బాగా గ్రహించింది. సారా దుకాణాల ముందు పికెటింగుకు అంత ప్రాధాన్యం అందుకే. చేతికి అధికారం వచ్చినప్పుడు ఆ లెక్క తిరగబడింది. 1937 అక్టోబరు 1న మద్రాసు ప్రధాని రాజాజీ సేలం జిల్లాలో నిషేధం పెట్టారు. పోయిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. మన రాష్ట్రాల ఖజానాలను ఇప్పటికీ మోస్తున్న రెండు భుజాల్లో ఒకటి మద్యం, రెండవది దానికి ప్రత్యామ్నాయంగా పుట్టిన ఈ పన్నుల వంశం. ఈ పెద్ద లెక్కల్లో ఖూంటీలోని ఒక ఇంటి కుండ ఎవరికీ కనపడలేదు. జైపాల్ సింగ్ లేచేవరకు.

ఆయనకు అంబేద్కర్ సమాధానం చెప్పారు. ఆదేశిక సూత్రాలు బలవంతం కావని, ఎప్పుడు ఎక్కడ అమలు చేయాలన్నది రాజ్యం విచక్షణకు వదిలినదని, ఆదివాసీ ప్రాంతాల పాలనకు ముసాయిదాలో ఉన్న ప్రత్యేక ఏర్పాట్ల వల్ల అక్కడివారి మండళ్ళ ప్రమేయం లేకుండా ఇటువంటి చట్టాలు వారి మీద పడవని భరోసా ఇచ్చారు. సవరణ నెగ్గింది. ఆ భరోసా కూడా అబద్ధం కాలేదు. రాజ్యాంగం ఆరవ షెడ్యూలులోని 12వ పేరా చదవండి. బట్టీ పట్టని మద్యపానాన్ని నిషేధించే లేక నియంత్రించే రాష్ట్ర శాసనం ఏదీ స్వయంప్రతిపత్తి గల జిల్లాలో, అక్కడి జిల్లా మండలి ప్రకటిస్తే తప్ప వర్తించదు. ఇంటి కుండకూ బట్టీకీ మధ్య తేడాను గుర్తించి, పేరు పెట్టి, కుండకు రక్షణ కల్పించిన నిబంధన మన రాజ్యాంగంలో ఉంది. చాలామంది న్యాయవాదులకే ఇది గుర్తుండదు.

కానీ ఆరవ షెడ్యూలు అస్సాం కొండల కోసం రాసినది. జైపాల్ సింగ్ ఊరు ఉన్న ఛోటా నాగపూర్, సంతాల్ పరగణా, బస్తర్, కొరాపుట్, మన గోదావరి, విశాఖ మన్యాలు అయిదవ షెడ్యూలు కిందికి వచ్చాయి. అందులో జిల్లా మండలి లేదు. రాష్ట్ర స్థాయిలో గిరిజన సలహా మండలి ఉంది. గవర్నరు తలిస్తే ఒక చట్టాన్ని షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించకుండా చేయవచ్చు. తలవవలసినవాడు గవర్నరు. అడిగినవాడి ఇంటికి దక్కని రక్షణ పక్క కొండకు దక్కింది. రాజ్యాంగ సభ చర్చలను వీరగాథలుగా చదివే అలవాటు వల్ల ఈ తేడా మీద మన దృష్టి పడదు. 1970లో జైపాల్ సింగ్ మరణించే నాటికి ఆయన ప్రాంతంలో హండియా ఆబ్కారీ శాఖ దయ మీదనే ఆధారపడి ఉంది. డెబ్బయ్యవ దశకం మధ్యలో కేంద్రం గిరిజన ప్రాంతాల ఆబ్కారీ విధానంపై మార్గదర్శకాలు పంపి, గుత్తేదారీ అమ్మకాలు ఆపమని, సొంత వాడకానికి సంప్రదాయ పానీయాలు చేసుకోనివ్వమని రాష్ట్రాలను కోరింది. కోరింది, అంతే. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే అధికారం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలన్నది. జార్ఖండ్ ఏర్పడి రెండు దశాబ్దాలు గడిచేనాటికి కూడా ఆ చట్టానికి అక్కడ నియమావళి రాలేదు.

ఇక్కడ దూబగుంటను తలచుకోకుండా ముందుకు పోలేను. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి స్త్రీలు అక్షరదీపం తరగతుల నుంచి లేచి వెళ్ళి సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు దేశమంతా మోగింది. వారు ఎదిరించిన సరుకు ఏమిటో మరవకూడదు. అది వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే పాకెట్లలో నింపి, గడప గడపకూ చేర్చిన సారా. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యాన్నంతటినీ నిషేధించాయి; 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ ఉద్యమాన్ని నిషేధవాదులు తమ సాక్ష్యంగా వాడుకుంటారు. నా దృష్టిలో అది రాజ్యం చేసిన సారా వ్యాపారం మీద స్త్రీల తీర్పు. స్త్రీ తన ఇంట వండి, తాను కొలిచి పోసే పానీయానికీ, భర్త కూలి డబ్బు మింగే పాకెట్టుకూ ఒకే చట్టం రాస్తే, ఆ చట్టం స్త్రీల పేరు చెప్పుకోవడానికి తగదు.

అయినా ‘ఇంటి కుండ’ అనే మాటను మరీ పవిత్రం చేయవలసిన పని లేదు. రాంచీ చుట్టుపక్కల సంతల్లో, రహదారుల పక్కన అల్యూమినియం గిన్నెలు పెట్టుకుని కూర్చున్న స్త్రీలు హండియాను పంచరు, అమ్ముతారు. ఆ డబ్బుతో పిల్లల బడి, ఇంటి ఉప్పు. భూమి పోయిన కుటుంబాల్లో ఆచారం బతుకుతెరువు అయింది. త్వరగా పులియాలని, ఘాటు రావాలని అందులో పిచ్చి సరుకులు కలుపుతారన్న ఆరోపణలూ ఉన్నాయి. తాగుబోతుల మధ్య అమ్మడంలోని అవమానమూ ఉంది. 2020లో జార్ఖండ్ ప్రభుత్వం ఈ స్త్రీల కోసం ఒక పథకం తెచ్చింది. హండియా, సారా అమ్మకం మానితే వేరే ఉపాధికి పదివేల రూపాయల వడ్డీలేని రుణం. పథకానికి సంతాల్ హూల్ వీరవనితలు ఫూలో, ఝానోల పేరు పెట్టారు. ఉద్దేశాన్ని తప్పుపట్టను. సంతలో కూర్చున్న స్త్రీ కష్టం నిజమైనది. కానీ ఆమె చేతిలో ఉన్నది ఒక విద్య అని, దానికి లైసెన్సూ శుభ్రమైన చోటూ నాణ్యత పరీక్షా ఇవ్వవచ్చునని ఎవరికీ తోచలేదు. పథకం భాషలో ఆ విద్య విడిపించవలసిన సంకెల.

అదే విద్య డబ్బున్నవాడి చేతిలో ఉంటే రాజ్యం వేరే భాష మాట్లాడుతుంది. ఇంగ్లండులో 1880లో గ్లాడ్‌స్టన్ పన్ను సంస్కరణతో ఇంట్లో బీరు చేసుకునేవారికి లైసెన్సు అవసరమైంది. 1963లో ఆర్థికమంత్రి మాడ్లింగ్ దానిని రద్దు చేశారు. అమెరికాలో నిషేధం ముగిసిన 1933లో ఇంటి బీరుకు అనుమతి దక్కలేదు. 1978 అక్టోబరులో కార్టర్ సంతకంతో, ఒక ఇంటికి ఏడాదికి రెండువందల గ్యాలన్ల వరకు, అమ్మకూడదన్న షరతుతో దక్కింది. ఆ దేశంలో ఇంట్లో చేసిన బీరును, దానితో వండిన వంటను స్నేహితులకు రుచి చూపడం ఇప్పుడు గౌరవనీయమైన వ్యాపకం. అక్కడి తెలుగు కుర్రవాళ్ళలోనూ ఆ సరదా ఉన్నవారున్నారు. తమ తాతల మన్యంలో అదే పని మీద సైన్యం నడిచిందని వారికి ఎవరైనా చెప్పాలి. ఇక్కడ హైదరాబాదులో 2015 నుంచి మైక్రోబ్రూవరీలకు అనుమతులున్నాయి. ఉక్కు ట్యాంకులు, గాజు గోడలు, లక్షల్లో లైసెన్సు రుసుము కట్టగలవానికి అక్కడికక్కడే బీరు తయారుచేసి వడ్డించే హక్కు ఉంది. మట్టికుండకు అటువంటి వర్గం మన నిబంధనల్లో లేదు.

మార్పు ఈశాన్యం నుంచి మెల్లగా వస్తోంది. 2021లో దిమాసాల జుడిమాకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈశాన్యపు సంప్రదాయ పానీయాల్లో అది మొదటిది. 2024లో బోడోల బియ్యపు బీరు రకాలకూ వచ్చింది. దిమా హసావ్ ఆరవ షెడ్యూలు జిల్లా. బోడోలాండ్ కూడా ఆ షెడ్యూలు కిందిదే. చట్టం ఏనాడూ నేరం చేయని చోటనే కుండ తన పేరు మీద హక్కు అడగగలిగింది. హండియాను నేరానికీ ఆచారానికీ నడుమ వేలాడదీసిన రాష్ట్రాల్లో దానికి ముందు ఉనికి పత్రం కావాలి.

జైపాల్ సింగ్ ఆనాడు సభను రెండు కోరారు. ఒకటి హక్కు, రెండవది పరిశోధన. రెండవ కోరిక కొంత తీరింది. గువాహటిలోని ప్రయోగశాలల్లో, తేజ్‌పూర్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు అస్సాం తెగల సురబీజపు బిళ్ళలను విప్పి, వాటిలోని బూజులనూ ఈస్టులనూ బ్యాక్టీరియానూ ఒక్కొక్కటిగా గుర్తించి ప్రచురించారు. ఏ కొండ బిళ్ళలో ఏ జీవి ఉందో ఇప్పుడు జాబితాలున్నాయి. ఛోటా నాగపూర్ సంతలో రాను బిళ్ళలు ఇంకా గంపల్లో పోసి అమ్ముతూనే ఉన్నారు. బిళ్ళ కొనడం నేరం కాదు, అన్నం వండటం నేరం కాదు. రెండూ కలిపి, మూడు రోజులాగి, పక్కింటికి ఒక దొప్పెడు పంపవచ్చు. ఆ దొప్పకు అయిదు రూపాయలు తీసుకుంటే ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు వస్తాడు.